మొక్కల్లో లేని కొలాజెన్

మూడు నెలల పాటు రోజూ పొద్దున్నే ఒక చెంచా పొడి నీళ్లలో కలుపుకుని తాగాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘ప్లాంట్ బేస్డ్ కొలాజెన్’ అని ఉంది. చర్మం బిగువుగా మారుతుందని, జుట్టు రాలడం తగ్గుతుందని దాని కింద రాశారు. అక్క తను వాడుతూ, నాకూ ఒకటి తెప్పించి ఇచ్చింది. నలభై దాటాక బుగ్గల దగ్గర చర్మం సడలడం, దువ్వెనకి ఎక్కువ జుట్టు రావడం నేనూ గమనిస్తూనే ఉన్నాను. మాంసం, చేప తినను కాబట్టి ఇదైతే నాకు సరిపోతుందనుకుని ఆశగానే మొదలుపెట్టాను.

రెండో వారంలో ఒక రోజు డబ్బా తిప్పి వెనక వైపు చూశాను. సన్నటి అక్షరాల్లో జాబితా ఉంది. విటమిన్ సి, ఉసిరి సారం, అవిసె చెట్టు ఆకుల నుంచి తీసిన బయోటిన్, వెదురు నుంచి తీసిన సిలికా, ఇంకా గ్లైసిన్, ప్రోలిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లు తయారయ్యే ముక్కలు. రెండుసార్లు చదివాను. ఆ జాబితాలో కొలాజెన్ లేదు.

ఉండే అవకాశమూ లేదు. కొలాజెన్ చర్మాన్ని, ఎముకల్ని గట్టిగా పట్టి ఉంచే జంతువుల ప్రోటీన్. సముద్రం అడుగున కదలకుండా పడి ఉండే స్పాంజి మొదలుకుని మనిషి దాకా జంతువులన్నిటిలోనూ ఉంటుంది. మన ఒంట్లో ఉన్న మొత్తం ప్రోటీన్‌లో దాదాపు మూడో వంతు ఇదే. మొక్క నిటారుగా నిలబడడానికి సెల్యులోజ్ గోడలున్నాయి, దానికి కొలాజెన్‌తో పని లేదు. మొక్కల కణాల గోడల్లో ఎక్స్‌టెన్సిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కొలాజెన్‌లో ఉండే హైడ్రాక్సీప్రోలిన్ అనే అరుదైన అమైనో ఆమ్లం అందులోనూ ఉండడం నాకు భలే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. కానీ దాని నిర్మాణం వేరు, పని వేరు.

కొలాజెన్ అంటే మూడు పేటల తాడు అనుకోండి. ఒక్కో పేటలో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. ప్రతి మూడోదీ గ్లైసినే. మూడు పేటలు ఒకదాని చుట్టూ ఒకటి బిగుతుగా మెలిపడినప్పుడు లోపల మిగిలే చోటు చాలా ఇరుకు. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసిన్ తప్ప ఇంకేదీ అందులో పట్టదు. ఈ మూడు పేటల రూపాన్ని 1954లో ప్రతిపాదించింది మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. కంగారూ తోకలోని స్నాయువు పోగుల్లోంచి ఎక్స్‌రేలు పంపి, ఫిల్ము మీద పడిన మచ్చల నుంచి దీన్ని లెక్కగట్టారు. కంటికి కనిపించని తాడు మెలికను కాగితం మీద లెక్కలతో పట్టుకున్నారు.

పేటలు పేనినంత మాత్రాన తాడు నిలవదు. ఒంట్లో తయారయ్యే కొలాజెన్ పేటల్లో చాలా చోట్ల ప్రోలిన్‌కి ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జత చేరి అది హైడ్రాక్సీప్రోలిన్‌గా మారాలి. అలా మారకపోతే ఆ తాడు సుమారు 24 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే మార్పు జరగని కొలాజెన్ మన ఒంట్లో తాడుగా ఉండనే లేదు. ఈ మార్పు చేసే ఎంజైమ్‌కి ఐరన్ కావాలి, విటమిన్ సి కావాలి.

విటమిన్ సి అందకపోతే ఏమవుతుందో ఓడల్లో తిరిగిన వాళ్లకి బాగా తెలుసు. 1740లో జార్జ్ ఆన్సన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన ఓడల్లో స్కర్వీ వ్యాధి వందల మందిని చంపింది. ఆ నావికుల్లో ఒక పెద్దాయన ఉండేవాడు. యాభై ఏళ్ల కిందట ఐర్లండ్‌లో బోయిన్ నది దగ్గర జరిగిన యుద్ధంలో తగిలిన గాయాలు ఆయనకి ఎప్పుడో మానిపోయాయి. స్కర్వీ రాగానే ఆ పాత గాయాలు నిన్నో మొన్నో తగిలినట్టు తెరుచుకున్నాయి. ఎప్పుడో అతుక్కున్న ఎముక కూడా మళ్లీ విడిపోయింది. గాయం మానిన చోట ఉన్న మచ్చ రాయిలా అలా ఉండిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి ఆ మచ్చలోని కొలాజెన్ ఎప్పటికప్పుడు కొంత తెగిపోతూ, కొంత కొత్తగా చేరుతూ ఉంటుంది. కొత్తది చేరడం ఆగితే యాభై ఏళ్ల నాటి గాయమైనా తెరుచుకుంటుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండు మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి ఒక్కో జంటకీ ఒక్కో మందు ఇచ్చాడు. నారింజ, నిమ్మపళ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు.

కాబట్టి నా డబ్బాలో ఉన్న విటమిన్ సి పనికిరానిదని అనను. ఒంట్లో అది తక్కువగా ఉన్న వాళ్లకి నిజంగానే మేలు చేస్తుంది. కానీ రోజూ పళ్లు, కూరగాయలు తినేవాళ్లకి అది ముందే సరిపడా ఉంటుంది. ఎక్కువైంది మూత్రంలో పోతుంది. తాపీ మేస్త్రికి సరిపడా సిమెంటు ఇంటి ముందు ఉన్నప్పుడు ఇంకో పది బస్తాలు దింపినంత మాత్రాన గోడ తొందరగా లేవదు కదా. గ్లైసిన్, ప్రోలిన్, లైసిన్ సంగతీ అంతే. తగినంత ప్రోటీన్ తినేవాళ్లకి అవి తిండిలోంచే వస్తాయి, గ్లైసిన్, ప్రోలిన్ అయితే శరీరం సొంతంగా కూడా చేసుకుంటుంది. డబ్బాలోని చెంచాడు పొడిలో అవి ఒక్కొక్కటీ మిల్లీగ్రాముల్లో ఉంటాయి. మనం రోజూ తినే ప్రోటీన్ పదుల గ్రాముల్లో ఉంటుంది.

మరి కొలాజెన్ తాగితే చర్మం మెరుగుపడిందని పరిశోధనలున్నాయి కదా అని అక్క అడిగింది. ఉన్నాయి. 35 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న 69 మంది మహిళల మీద చేసిన ఒక ప్రయోగం 2014లో వచ్చింది. రోజుకి రెండున్నర గ్రాములో, ఐదు గ్రాములో ఎనిమిది వారాలు తీసుకున్న వాళ్ల చర్మం సాగే గుణం, ఉత్తుత్తి పొడి తీసుకున్న వాళ్ల కంటే మెరుగ్గా ఉందని తేలింది. 2021లో ఇలాంటి 19 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష కూడా ఫలితం బాగుందనే చెప్పింది. అయితే 2025లో వచ్చిన ఇంకో సమీక్ష 23 ప్రయోగాలను, 1,474 మందిని తీసుకుని, డబ్బు ఎవరు పెట్టారన్న దాన్ని బట్టి విడదీసి చూసింది. కంపెనీల డబ్బుతో నడవని ప్రయోగాల్లో చర్మం తేమలో గానీ, సాగే గుణంలో గానీ, ముడతల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది కాదు. ఆ ప్రయోగాల్లో వాడింది జంతువుల, చేపల కొలాజెన్‌ని ముక్కలు చేసిన పొడి. మనం ఏ ప్రోటీన్ తిన్నా పొట్ట, పేగులు దాన్ని కోసి పడేస్తాయి. తాగిన కొలాజెన్ నేరుగా వెళ్లి బుగ్గల్లో అతుక్కోదు. అందులోని హైడ్రాక్సీప్రోలిన్ కూడా కొత్త కొలాజెన్‌లో నేరుగా చేరలేదు, ఎందుకంటే దానికి మన జన్యు లిపిలో అక్షరమే లేదు. పేట తయారయ్యాకే ప్రోలిన్‌ని అలా మార్చాలి. అయితే ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ జంటగా అతుక్కుని ఉండే చిన్న ముక్కలు కొన్ని తెగకుండా రక్తంలోకి చేరతాయని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో చూపించారు. ఆ ముక్కలు చర్మ కణాలకి ‘ఇక్కడ కొలాజెన్ తెగింది, కొత్తది చేయండి’ అన్న కబురులా పనిచేస్తాయేమో అన్నది కొలాజెన్ పొడిని సమర్థించే వాళ్ల వాదన. అందులో కొంత నిజం ఉన్నా సరే, నా డబ్బాలో ఆ ముక్కలు లేవు. విడివిడి అమైనో ఆమ్లాలున్నాయి. జంతువుల కొలాజెన్ మీద చేసిన ప్రయోగాలను చూపించి మొక్కల పొడిని అమ్మడం తప్పు. ఈ మాట గట్టిగానే అంటాను, ఎందుకంటే మాంసం ముట్టని వాళ్ల నమ్మకం మీదే ఆ అమ్మకం నడుస్తోంది.

సిలికా గురించి రెండు ముక్కలు. సిలికాలో ఉండే మూలకం సిలికాన్. కోలిన్ అనే పోషకంతో కలిపి సులువుగా ఒంటబట్టేలా చేసిన ఒక రకం సిలికాన్‌ని 50 మంది మహిళలకి 20 వారాలు ఇచ్చిన చిన్న ప్రయోగం ఒకటుంది, ఫలితం కొంత ఆశాజనకంగానే ఉంది. వెదురు సిలికా ఆ రకం కాదు, పేగుల్లో సరిగా కరగదు.

మూడు నెలలయ్యాక కిటికీ పక్కన, అదే వెలుగులో, అదే వేళకి ముఖం ఫోటో తీసి మొదటి రోజు ఫోటో పక్కన పెట్టి చూశాను. కొంచెం నిగారింపు ఉన్నట్టే అనిపించింది. కానీ మొదటి ఫోటో గాలి పొడిగా ఉన్న రోజుల్లో తీసింది, రెండోది తేమ పెరిగాక తీసింది. పైగా చర్మంలోని కొలాజెన్‌లో సగం మారడానికి సుమారు 15 ఏళ్లు పడుతుందని లెక్కగట్టారు. పన్నెండు వారాల్లో ఫోటోలో కనిపించేంతగా అది మారిపోవడం కష్టం.

కొత్తది చేరడం కన్నా ఉన్నది తెగిపోవడం గురించే ఎక్కువ ఆలోచించాలని నాకు ఒక కప్ప పిల్ల తోక నేర్పింది. తోకకప్ప కాస్తా కప్పగా మారేటప్పుడు ఆ తోక రాలిపడదు, లోపలికి కరిగిపోతుంది. కొలాజెన్‌తో గట్టిగా ఉన్న తోక రోజుల్లో ఎలా మాయమవుతుందని వెతికి, 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే ఇద్దరు కొలాజెనేజ్ ఎంజైమ్‌ని కనిపెట్టారు. తోక ముక్కను కొలాజెన్ జెల్ మీద పెడితే దాని చుట్టూ జెల్ కరిగిపోయింది. అలాంటి ఎంజైమ్‌లు మన చర్మంలోనూ ఉన్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు అవి రెచ్చిపోయి తాళ్లను తెంపుతాయి. చొక్కా కింద ఉండే మోచేతి పైభాగాన్ని, ఎప్పుడూ ఎండ తగిలే ముంజేతిని పక్కపక్కన చూసుకోండి, వయసు రెండింటికీ ఒకటే. ఆస్ట్రేలియాలోని నాంబర్‌లో 903 మంది మీద నాలుగున్నరేళ్లు చేసిన ప్రయోగంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్న వాళ్లలో చర్మం ముదిరే గుర్తులు, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్న వాళ్ల కన్నా 24 శాతం తక్కువగా ఉన్నాయి. ఏ పొడికీ ఇంత గట్టి ఆధారం లేదు.

మొక్కతో కొలాజెన్ చేయించడం అసలు కుదరదా అంటే, కుదురుతుంది. ఇజ్రాయెల్‌లో కోల్‌ప్లాంట్ అనే సంస్థ పొగాకు మొక్కలో ఐదు మానవ జన్యువులు పెట్టి అచ్చమైన మనిషి కొలాజెన్ తీస్తోంది. రెండు జన్యువులు పేటలకి, మిగతా మూడు ఆ పేటలను గట్టిపరిచే ఎంజైమ్‌లకి. అది గాయాలు మాన్పడానికి, కణజాలాన్ని త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేయడానికి పనికొస్తుంది. గ్లాసులో కలుపుకుని తాగితే మాత్రం దాన్నీ పొట్ట ముక్కలే చేస్తుంది.

ఇక జుట్టు. వెంట్రుకలో ఉండేది కొలాజెన్ కాదు, కెరాటిన్. అయినా నాకు జుట్టు రాలడం తగ్గిన మాట నిజం. మొదట్లో తలస్నానం రోజున దువ్వెన నుంచి తీస్తే పిడికిట్లో పట్టేంత ఉండ వచ్చేది. మూడో నెల చివరికి చిటికెన వేలికి రెండు చుట్లు తిరిగేంతే వచ్చింది. చాలా సంతోషించాను. తర్వాత పాత డైరీలో తేదీలు చూశాను. పొడి మొదలుపెట్టడానికి మూడు నెలల ముందు నాకు వారం రోజులు విపరీతమైన జ్వరం వచ్చింది.

తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి, రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం లాంటివి జరిగితే పెరుగుతున్న కుదుళ్లలో ఎన్నో ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. ఆ వెంట్రుకలు వెంటనే రాలవు, రెండు మూడు నెలలకి రాలతాయి. అందుకే జ్వరానికీ జుట్టు రాలడానికీ సంబంధం మనకి తట్టదు. తర్వాత కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. రాలడం బాగా ఎక్కువైనప్పుడే ఎవరైనా డబ్బా తెప్పిస్తారు. తగ్గే వేళకి డబ్బా చేతిలో ఉంటుంది, పేరు దానికి వస్తుంది. నేను పొడి తాగకపోయినా ఇంతే తగ్గేది అనుకుంటున్నాను.

అక్క సంగతి వేరు. తనకి జ్వరమేమీ రాలేదు, ఏడాదిగా జుట్టు రాలుతూనే ఉంది. పొడి చాలడం లేదని పదివేల మైక్రోగ్రాముల బయోటిన్ మాత్రలు కూడా మొదలుపెట్టింది. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాములు సరిపోతుంది. ఈలోగా మామూలుగా చేయించుకున్న రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అని వచ్చింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని దాని అర్థం. ఇంట్లో అందరికీ టెన్షన్. రిపోర్టు చూసిన డాక్టరమ్మ అక్క చేతిని, మెడని పరీక్షించి, గుండె దడ లేదని తెలుసుకుని ఒక్కటే అడిగారు.

“జుట్టుకి మాత్రలేమన్నా వాడుతున్నారా అమ్మా?”

చాలా ల్యాబుల్లో హార్మోన్లను కొలిచే పరీక్షలు బయోటిన్ అతుక్కునే గుణం మీదే నడుస్తాయి. రక్తంలో బయోటిన్ విపరీతంగా ఉంటే పరీక్ష తికమకపడి, కొన్నిటిని తక్కువగా, కొన్నిటిని ఎక్కువగా చూపిస్తుంది. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలా తప్పుగా తక్కువ చూపవచ్చు. అలాంటి తప్పు ఫలితం వచ్చిన ఒక మనిషి చనిపోయిన సంగతి తెలిశాక, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది. నా డబ్బా మీద గానీ, అక్క మాత్రల సీసా మీద గానీ ఈ విషయం ఒక్క ముక్క లేదు.

అక్క రెండూ ఆపేసి వారం తర్వాత మళ్లీ రక్తం ఇచ్చింది. థైరాయిడ్ అంకెలు మామూలుగా ఉన్నాయి. ఈసారి డాక్టరమ్మ ఫెరిటిన్ కూడా రాశారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పే పరీక్ష అది, ఐరన్ తగ్గినా జుట్టు రాలవచ్చు. బాగా తక్కువ వచ్చింది. అక్క ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటోంది, మూడు నెలలకి మళ్లీ పరీక్ష.