యాక్సిడెంట్ కేసులో పార్టీలను చేర్చడం, పిటిషన్ సవరించడం: అపోహలు - వాస్తవాలు

రోడ్డు ప్రమాదంలో కాలు పోయిన మనిషికి న్యాయంగా రావాల్సిన డబ్బు, పిటిషన్లో ఒక పేరు లేనందుకు ఆగిపోతే నాకు కడుపు తరుక్కుపోతుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పార్టీల (కేసు వేసేవాళ్లు, ఎవరి మీద వేస్తామో వాళ్లు) విషయంలో దొర్లే తప్పులు చాలావరకు సరిదిద్దుకోగలిగినవే. కాకపోతే సమయానికి అడగాలి. మా ఆఫీసుకు వచ్చే కుటుంబాలు గట్టిగా నమ్మే కొన్ని మాటలు, వాటి విషయంలో చట్టం చెప్పేది రాస్తున్నాను.

అపోహ: "కేసు వేసేశాం, ఇక కాగితం మార్చడం కుదరదు."

కుదురుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 10 ప్రకారం కేసు ఏ దశలో ఉన్నా అవసరమైన పార్టీని చేర్చొచ్చు, అక్కర్లేని పేరు తీసేయొచ్చు. ఎవరూ అడగకపోయినా కోర్టు తనంతట తానే చేర్చొచ్చు. పిటిషన్లో రాసిన సంగతులు మార్చడానికి ఆర్డర్ 6 రూల్ 17 ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 169 కింద ట్రిబ్యునల్‌ది క్లుప్తమైన విచారణ పద్ధతి కాబట్టి కోడ్‌ను అక్షరం అక్షరం పట్టుకోనక్కర్లేదు. అయినా మేం ఐ.ఏ. (నడుస్తున్న కేసులో వేసే మధ్యంతర దరఖాస్తు) వేసేది ఈ రూల్స్ ఆధారంగానే.

అపోహ: "ఎఫ్.ఐ.ఆర్.లో డ్రైవరు పేరుంది కదా, అది చాలు."

చాలదు. లక్షల పరిహారం కట్టే స్తోమత డ్రైవరుకు ఎక్కడిది? డ్రైవరుతో పాటు ఆర్.సి. ఓనరు, ప్రమాదం రోజుకు పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పార్టీలుగా ఉండాలి. పాలసీ కాపీలో తేదీలే కాదు, మొదలైన గంట కూడా చూడండి. పాత పాలసీ ఒక కంపెనీది, రెన్యువల్ ఇంకో కంపెనీది అయితే తప్పు కంపెనీ పేరుతో ఏళ్లు గడిచిపోతాయి.

పల్లెల్లో ట్రాక్టర్ కేసులు మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంజనుకు ఒక నంబరు, ట్రాలీకి ఇంకో నంబరు ఉంటుంది. పాలసీలు కూడా వేరువేరుగా ఉండొచ్చు. ఇంజను ఇన్సూరెన్స్ ఒక్కటే చేర్చి ఊరుకుంటే, ట్రాలీకి మా పాలసీ లేదంటూ కంపెనీ కౌంటర్ (లిఖితపూర్వక జవాబు) వేస్తుంది. ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టులో రెండు నంబర్లూ ఉన్నాయేమో చూసుకుని, ఉంటే రెండింటి ఓనర్లనూ, ఇన్సూరెన్స్ కంపెనీలనూ చేర్చండి.

ఆర్టీసీ బస్సయితే మొదట తెలుసుకోవాల్సింది అది సంస్థ సొంత బస్సా, అద్దె బస్సా అన్నది. సొంత బస్సులకు చట్టంలో ఉన్న మినహాయింపు వల్ల సాధారణంగా పాలసీ ఉండదు, పరిహారం సంస్థే కడుతుంది. అద్దె బస్సుకు ప్రైవేటు ఓనరు ఉంటాడు, పాలసీ ఉంటుంది. అలాంటి బస్సుకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత తప్పించుకోలేదని ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ వర్సెస్ కుల్సుమ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఓనరు, కంపెనీ, ఆర్టీసీ ముగ్గురినీ మొదటి రోజే రాసేయండి.

అపోహ: "బండి అమ్మేశాడట, కొన్నవాడి మీద వేస్తే సరి."

రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో బండి ఎన్ని చేతులు మారినా సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కొన్నవాళ్లనూ చేర్చండి, ఆర్.సి.లో పేరున్న మనిషిని మాత్రం వదలొద్దు.

అపోహ: "రెండు బండ్లు గుద్దుకున్నాయి, ఒకదాని వాళ్లనే పెట్టాం, కేసు కొట్టేస్తారు."

ఆటోలో కూర్చున్న ప్రయాణికుడికో, పక్కన నడిచిపోతున్న మనిషికో దెబ్బ తగిలితే ఆ రెండు బండ్లవాళ్లలో ఏ ఒక్కరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చు. 2015లో ఖెన్యెయీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు అదే. దెబ్బ తిన్న మనిషే ఒక బండి నడుపుతుంటే లెక్క వేరు, అతని తప్పు ఎంతుందో అంత కోసేస్తారు.

అపోహ: "అడిగినదానికి పైసా ఎక్కువ ఇవ్వరు, అందుకే ముందే కోటి రాద్దాం."

నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: సాక్ష్యం ఉంటే అడిగినదానికన్నా ఎక్కువైనా ఇవ్వొచ్చు. అదనపు మొత్తానికి కోర్టు ఫీజు కట్టమంటారు, అంతే. కాబట్టి అంకె గురించి టెన్షన్ అక్కర్లేదు. నాకు కంగారు పుట్టించేది గాయం వివరాలు మారకపోవడం. పిటిషన్ పేరా 4లో "ఎడమ కాలు ఎముక విరిగింది" అని ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఇన్ఫెక్షన్ ముదిరి మోకాలి కింద కాలు తీసేస్తారు. డాక్టరు వచ్చి ఆ సంగతి చెప్పగానే అవతలి లాయరు లేచి, పిటిషన్లో లేదే అంటాడు. అందుకే రెండో ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ చేతికి రాగానే అమెండ్‌మెంట్ పిటిషన్ వేయాలి. ఏ పేరాలో ఏ వాక్యం తీసేసి ఏది రాయాలో అందులో ఉన్నదున్నట్టు చూపించాలి, ఆలస్యానికి కారణం అఫిడవిట్లో చెప్పాలి.

అపోహ: "ఆర్డరు వచ్చింది, పని అయిపోయింది."

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. సవరణకు అనుమతిస్తే కోర్టు పెట్టిన గడువులో, గడువు చెప్పకపోతే 14 రోజుల్లో పిటిషన్లో ఆ మార్పు రాయాలని ఆర్డర్ 6 రూల్ 18 చెబుతోంది. తర్వాత మార్పులన్నీ కలిపి రాసిన నీట్ కాపీ దాఖలు చేయాలి. కొత్త పార్టీకి బత్తా (నోటీసు పంపడానికి కోర్టుకు కట్టే ఫీజు) కట్టి, సవరించిన కాపీతో నోటీసు పంపాలి. ఇవి జరగకపోతే ఆ కంపెనీ పేరు ఆర్డరులో ఉంటుంది, కేసులో ఉండదు. తర్వాతి వాయిదాకు రికార్డు తెరిచి చూడమని మీ లాయరును అడగండి. అది మీ హక్కు.

అపోహ: "ఎప్పుడైనా చేర్చుకోవచ్చట, తొందరేముంది."

2002 నుంచి ఆర్డర్ 6 రూల్ 17కు ఒక షరతు ఉంది. విచారణ మొదలయ్యాక సవరణ అడిగితే, తగినంత శ్రద్ధ పెట్టినా ముందు అడగలేకపోయామని చూపించాలి. చీఫ్ అఫిడవిట్ (మన సాక్షి చెప్పేది రాసిచ్చే అఫిడవిట్) పడ్డాక ఈ అభ్యంతరం వస్తుందనే అనుకోండి. ఇక కొత్త పార్టీ విషయంలో, లిమిటేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం వాళ్ల మీద కేసు వాళ్లను చేర్చిన రోజునే మొదలైనట్టు లెక్క. మంచి ఉద్దేశంతో జరిగిన పొరపాటని కోర్టు నమ్మితేనే మొదట కేసు వేసిన పాత తేదీ ఇస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్లెయిమ్ పిటిషన్‌కు ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టు దాకా సవాళ్లు వెళ్లాయి, అయినా ఆ గడువునే లెక్కలో పెట్టుకుని నడవండి.

అపోహ: "గాయపడిన మనిషి వేరే జబ్బుతో పోయాడు, కేసూ పోయినట్టే."

లేదు. సవరించిన మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 166(5) ప్రకారం, చావుకు ఆ గాయంతో సంబంధం ఉన్నా లేకపోయినా పరిహారం అడిగే హక్కు వారసులకు వస్తుంది. సివిల్ కేసుల్లో వారసులను రికార్డులోకి తేవడానికి 90 రోజులు, ఇక్కడా ఆ లోపే పిటిషన్ వేయండి. పిల్లల తరఫున కేసు నడుస్తుండగా వాళ్లకు పద్దెనిమిది నిండితే మేజరుగా ప్రకటించమని ఒక ఐ.ఏ. వేయాలి.

వారసుల జాబితాలో అమ్మను వదిలేయడం నేను తరచూ చూస్తాను. అత్తాకోడళ్లకు మాటల్లేకపోతే కోడలు ఒక్కతే కేసు వేస్తుంది. పిటిషనర్‌గా రానివాళ్లను రెస్పాండెంట్లుగానైనా (ప్రతివాదులుగానైనా) చూపించాలని సెక్షన్ 166(1) స్పష్టంగా చెబుతోంది. కొడుకు సంపాదన మీద బతికిన తల్లి పరిహారంలో తన వాటా అడగాలంటే ఆమె పేరు ముందు ఆ పిటిషన్లో ఉండాలి.