బండి మీంచి పడ్డాక: “ఏం కాలేదులే” చుట్టూ అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో రోజూ బండి నడుపుతూ ఒక్కసారి కూడా కింద పడనివాళ్లు అరుదు. వానకు తడిసిన జీబ్రా గీతలు, మెట్రో పిల్లర్ల పక్కన పేరుకున్న ఇసుక, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే స్కూటీ, చెయ్యెత్తిన మనిషి కోసం నడిరోడ్డు మీద టక్కున ఆగే ఆటో. కారణం ఏదైనా, సాధారణంగా మోకాలు, మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోతుంది. ఆ చిన్న దెబ్బ పెద్దదయ్యేది తర్వాతి 24 గంటల్లో: కడగాల్సింది కడక్కపోవడం, చూపించుకోవాల్సింది చూపించుకోకపోవడం, చెప్పకూడని అబద్ధం చెప్పడం. క్యాజువాలిటీలో తరచూ వినిపించే మాటలు, వాటికి మా జవాబులు ఇవి.

అపోహ: “లేచి నడుస్తున్నా, వేళ్లు ఆడుతున్నాయి. ఎముక విరగలేదు.”

పడగానే ఒంట్లో అడ్రినలిన్ ఉప్పెనలా వస్తుంది. ఆ కాసేపూ నొప్పి సరిగ్గా తెలీదు. అందుకే లేచిన వెంటనే బండి స్టార్ట్ చేసి ఆఫీసుకు వెళ్లిపోకండి. రోడ్డు పక్కకు జరిగి, ఓ ఇరవై నిమిషాలు నీడలో కూర్చోండి. ఆ తర్వాత తల నుంచి పాదం దాకా ఒక్కో చోటా తడిమి చూసుకోండి.

వేళ్లు ఆడటానికీ ఎముక విరగకపోవడానికీ సంబంధం లేదు. వేళ్లను ఆడించే కండరాలు మోచేతి కింద ఉంటాయి. మణికట్టు ఎముక చీలినా అవి పనిచేస్తూనే ఉంటాయి.

పడేటప్పుడు ఎవరైనా అరచేయి ముందుకు చాపుతారు, కాబట్టి మణికట్టును తప్పకుండా పరీక్షించుకోవాలి. బొటనవేలిని బాగా పైకెత్తితే, దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. దాని అడుగున జీడిపప్పంత ఎముక ఉంది, పేరు స్కాఫాయిడ్. ఆ గుంటలో నొక్కితే నొప్పి పెడుతోందంటే ఎక్స్‌రే తప్పదు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఈ ఎముకలో సన్నని పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. “నార్మల్” అని రాసిన రిపోర్టు చూసి ఊరుకుంటారు. సరైన పద్ధతి ఏంటంటే, నొప్పి ఉంటే చేతికి స్ప్లింటు (కదలకుండా ఉంచే బద్ద) వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయాలి. ఈ ఎముకకు రక్తం వేళ్ల వైపు కొస నుంచి లోపలికి వెళ్తుంది. మధ్యలో విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందకపోవచ్చు, అతుక్కోకపోవచ్చు. ఏడాది తర్వాత బెణుకు అనుకుని వచ్చేవాళ్లలో కొందరిది ఇదే.

చీలమండకు ఇంకా సులువైన పరీక్ష ఉంది. పడ్డ చోటా, ఆస్పత్రిలోనూ సాయం లేకుండా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా అడుగే. అడుగులు వేయగలిగినా, పక్కన పొడుచుకొచ్చిన ఎముక వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉంటే కూడా తీయించాల్సిందే.

పొట్ట సంగతి ఎవరూ అడగరు. హ్యాండిల్ కొస పొట్టలో గుచ్చుకుంటే పైన రూపాయి బిళ్లంత గుర్తు మాత్రమే ఉండి, లోపల ప్లీహం, కాలేయం, పేగు దెబ్బతినొచ్చు. పొట్ట నొప్పి పెరుగుతున్నా, గట్టిపడినా, కళ్లు తిరిగినా, దెబ్బ తగలని ఎడమ భుజం కొసన నొప్పి వస్తున్నా ఆగకూడదు. భుజానికీ పొట్టకూ ఏం సంబంధం అంటారేమో. ప్లీహం నుంచి కారిన రక్తం డయాఫ్రంను (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) రాపిడి చేస్తే, దాని నరం నొప్పిని భుజం దగ్గర చూపిస్తుంది. ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లల విషయంలో దీన్ని రెట్టింపు అనుమానంతో చూడాలి.

అపోహ: “హెల్మెట్ ఉంది, తలకేం కాదు” / “తలకు తగిలితే రాత్రంతా నిద్రపోనివ్వకూడదు.”

రెండూ తప్పే. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది. తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు లోపల ఊగడాన్ని తగ్గిస్తుంది తప్ప పూర్తిగా ఆపలేదు. నిద్ర విషయానికొస్తే, నిద్ర వల్ల ముప్పు రాదు. మగతను నిద్ర అని పొరబడటం వల్ల వస్తుంది. పడుకోనివ్వండి. మొదటి రాత్రి రెండు మూడు గంటలకోసారి లేపి, పేరేంటో, ఎక్కడున్నారో అడగండి. ఒంటరిగా రూంలో ఉండే కుర్రాళ్లు ఆ ఒక్క రాత్రి ఎవరినైనా తోడు పిలుచుకోవాలి.

పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం కారే రకం దెబ్బలో మనిషి మొదట బాగానే ఉండొచ్చు. టీ తాగుతాడు, ఫోన్లు మాట్లాడతాడు. కొన్ని గంటల తర్వాత కూలబడతాడు. కాబట్టి ఇవి కనపడితే ఆలస్యం వద్దు: రెండు లేదా అంతకంటే ఎక్కువ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబాటు, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఫిట్స్, కంటిపాపలు రెండూ ఒకే సైజులో లేకపోవడం, ముక్కు లేదా చెవి నుంచి నీళ్లలా కారడం, పడ్డ క్షణం గుర్తు లేకపోవడం. గుండెకు స్టెంట్ వేసి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు, 65 దాటినవాళ్లు ఇవేవీ లేకపోయినా చూపించుకోవాలి. మందు తాగి ఉంటే, “మత్తులే, పడుకుంటే తగ్గుద్ది” అనే మాట చాలా ప్రమాదకరం. మత్తు ఏదో, మెదడు దెబ్బ ఏదో బయటి నుంచి చూసి మేమూ చెప్పలేం, స్కానే చెప్పాలి.

నొప్పికి మొదటి రోజు పారాసెటమాల్ చాలు: పెద్దవాళ్లకు 500 లేదా 650 ఎంజీ, ఆరు గంటలకోసారి. తలకు దెబ్బ అనుమానం ఉంటే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. అవి రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి.

ఇక ఆ హెల్మెట్. పైన గీత మాత్రమే పడింది కదా అని మళ్లీ పెట్టుకుంటారు. దెబ్బను మింగేది పైన గట్టి పెంకు కాదు, లోపలి థర్మాకోల్ పొర. అది ఒకసారి నలిగితే తిరిగి ఉబ్బదు, బయటికి కనపడదు కూడా. తల లోపల ఉండగా రోడ్డుకు కొట్టుకుందంటే దాని పని అయిపోయింది. ఖాళీ హెల్మెట్ సీటు మీంచి ఒకసారి జారిపడితే మాత్రం కంగారు అక్కర్లేదు. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 4151 ముద్ర చూడండి. బకిల్ పెట్టుకోని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది, అది వేరే చెప్పాలా.

అపోహ: “కాఫీ పొడి అద్దితే రక్తం ఆగుద్ది, పసుపు పెడితే చీము పట్టదు.”

కాఫీ పొడి, పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, మెకానిక్ షాపులో పెట్రోలు. ఇవన్నీ చేసేది ఒకటే: గాయంలోకి కొత్త చెత్త చేర్చడం. వాటిని గీకి తీసేటప్పుడు పడే బాధ అసలు దెబ్బ కంటే ఎక్కువ.

రక్తం ఆగాలంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి 10 నిమిషాలు పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూడొద్దు, చూసిన ప్రతిసారీ కట్టిన గడ్డ ఊడిపోతుంది.

తర్వాత కడగడం. గీరుకుపోయిన గాయానికి అసలు మందు ఇదే, జనం ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. కుళాయి కింద పారే నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు కడగండి. నీళ్ల బాటిల్ ఉంటే మూతకు చిన్న బెజ్జం పెట్టి పిచికారీలా కొట్టండి, ఆ ఒత్తిడికి ఇసుక కొట్టుకుపోతుంది. సబ్బు గాయం చుట్టూ మాత్రమే. మిగిలిన రాళ్లను కడిగిన పట్టకారుతో తీయాలి. రాకపోతే ఆస్పత్రిలో తిమ్మిరి మందు ఇచ్చి బ్రష్‌తో రుద్ది తీస్తారు. తీయకుండా వదిలేస్తే చర్మం వాటి మీదే మూసుకుంటుంది. తారు, దుమ్ము పచ్చబొట్టులా నల్లగా ఉండిపోతాయి. చెంప మీద అయితే లేజర్ దాకా పోవాల్సి వస్తుంది.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని డెటాల్ మంటతో పాటు కొత్తగా పుట్టే కణాలనూ చంపుతాయి. “మండితేనే పనిచేస్తున్నట్టు” అనేది పాత లెక్క.

“గాలి తగిలితే త్వరగా ఆరుద్ది” అన్నదీ అంతే. ఎండి పెచ్చు కట్టిన గాయం కింద కొత్త చర్మం పాకడానికి దారి ఉండదు. తేమ ఉంటే త్వరగా పాకుతుంది, మచ్చ తక్కువ. పలుచగా ఆయింట్‌మెంట్ రాసి, అంటుకోని పారాఫిన్ గాజ్ గుడ్డ పెట్టి, పైన మామూలు గాజ్ గుడ్డ, బ్యాండేజీ. రోజుకోసారి, తడి తక్కువైతే రెండు రోజులకోసారి మార్చండి. అంటుకుంటే లాగొద్దు, నీళ్లతో నానబెట్టండి. ఎర్రదనం చుట్టూ పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. శుభ్రంగా కడిగిన గీరుకు యాంటీబయాటిక్ మాత్రలు అక్కర్లేదు.

అంచులు విడిపోయిన కోతలను ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు కుట్టించుకోవడం మేలు.

అపోహ: “దెబ్బ తగిలిన ప్రతిసారీ టీటీ పడాలి.”

చిన్నప్పటి టీకాలు పూర్తయి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే ఇంకోటి. రోడ్డు మట్టి, పేడ కలిసిన గాయానికి ఐదేళ్లు దాటితే. మన రోడ్డు మీద గాయం అంటే దాదాపు ఎప్పుడూ రెండో రకమే. ఇప్పుడు వేసేది టీడీ, ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకూ పనిచేస్తుంది. ఆరు నెలలకోసారి వేయించుకోవడం వల్ల అదనపు రక్షణ ఏం రాదు, భుజం వాపు తప్ప. టీకాలే పడలేదనో, గుర్తులేదనో అంటే మురికి గాయానికి టీడీతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం, ఆ మాట డాక్టరుకు చెప్పండి.

అపోహ: “వేడి కాపడం పెట్టి, బామ్ రాసి బాగా మర్దన చేస్తే వాపు దిగుద్ది.”

మొదటి రెండు రోజులు వేడి వాపును పెంచుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు, ఒక్కోసారి 15-20 నిమిషాలు, కాలు దిండు మీద ఎత్తి. తొడ కండరం నలిగి గట్టిపడ్డ చోట మర్దన చేస్తే కండరంలోనే ఎముక లాంటి గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది.

పుత్తూరు కట్టు పేరు తెలుగునాట తెలియని ఇల్లుండదు. దాని మీద వాదనకు దిగం. ఎవరు కట్టినా సరే, ముందు ఎక్స్‌రే ఉండాలి. పిండి కట్టయినా వెదురు బద్దలయినా, కట్టిన తర్వాత వేళ్లు చల్లబడటం, తిమ్మిరెక్కడం, నీలంగా మారడం, వేళ్లను చాపితే భరించలేని నొప్పి రావడం జరిగితే ఆ కట్టును వెంటనే వదులు చేయాలి. తెల్లారేదాకా ఓర్చుకుంటే కండరం చచ్చిపోతుంది, ఇక చెయ్యి వంకర తిరిగిపోతుంది.

అపోహ: “పోలీస్ కేసు లేనిదే ఆస్పత్రిలో చేర్చుకోరు. బాత్రూంలో జారిపడ్డానని చెప్తే పోలా.”

పోదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే తేల్చింది. రోడ్డు ప్రమాదం అని చెబితే ఆస్పత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి స్టేషన్‌కు కబురు పంపుతుంది. ఎంఎల్‌సీ అంటే ఎఫ్ఐఆర్ కాదు, ఆస్పత్రి రాసుకునే రికార్డు. బాత్రూం కథ చెప్పినవాళ్లకు వారం తర్వాత ఆపరేషన్ అని తేలితే, రోడ్డు ప్రమాదమని నిరూపించే మొదటి కాగితమే వాళ్లకు ఎదురు తిరుగుతుంది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ దగ్గర అడిగేది ఆ మొదటి కాగితమే. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర నగదురహిత చికిత్స పథకం కూడా రోడ్డు ప్రమాదమని నమోదైతేనే: నిర్దేశిత ఆస్పత్రుల్లో ప్రమాదం రోజు నుంచి 7 రోజుల పాటు, లక్షన్నర రూపాయల దాకా.

సాయం చేసి తీసుకొచ్చినవాళ్లను పేరు చెప్పమనీ, డబ్బు కట్టమనీ, సాక్షిగా ఉండమనీ బలవంతపెట్టకూడదు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇస్తుంది. సాయం చేసేవాళ్లకు మా విన్నపం: స్పృహ లేని మనిషిని లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి, ఆటోలో మడిచి కుక్కకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగొద్దు. 108కి ఫోన్ చేయండి.

అపోహ: “పెద్ద బండిదే తప్పు.”

రోడ్డు మీద గుంపు తీర్పు అది, చట్టంలో లేదు. రాంగ్ రూట్‌లో వచ్చిన బైకుకు కారు తగిలితే బైకువాడి వాటా లెక్కలోకి వస్తుంది. గుంపులో ఎవరికీ తాళాలు లాక్కునే హక్కు లేదు, 112కి ఫోన్ చేయండి. అవతలివాళ్లకు గాయమైతే వాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పడం నడిపినవాడి బాధ్యత. వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి ‘సెటిల్’ అయిపోయిందనుకుంటే అది తీరదు. ప్రమాదం జరిగిన చోటును, రెండు నంబర్ ప్లేట్లను, రోడ్డు మీది టైరు గీతలను బండ్లు కదపకముందే ఫొటోలు తీయండి, ట్రాఫిక్ ఆగిపోతుంటే పది సెకన్ల వీడియో చాలు. ఎదురు షాపు సీసీ కెమెరా రికార్డు కొన్ని రోజులకే దాని మీదే చెరిగిపోతుంది, ఆ రోజే అడగాలి.

అపోహ: “స్టార్ట్ అయితే బండి బాగున్నట్టే.”

పెట్రోలు వాసన వస్తుంటే స్టార్టే చేయొద్దు. ఇంజిన్ ఆపి ఉండగా యాక్సిలరేటర్ తిప్పి వదలండి, టప్పున వెనక్కి రావాలి. హ్యాండిల్ గ్రిప్ లోపలికి నొక్కుకుపోతే రేస్ అలాగే నిలిచిపోతుంది. బ్రేక్ లివర్, పెడల్ వంగాయేమో, క్లచ్ వైరు పట్టిందేమో చూడండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ చూడండి: చక్రం నేరుగా ఉండి హ్యాండిల్ పక్కకు ఉంటే ఫోర్క్ క్లాంపుల్లో తిరిగిపోయింది. పైపులు వంగకపోతే బోల్టులు వదులు చేసి సరిచేయొచ్చు. వంగితే మార్చడమే, వేడిచేసి సాగదీయించకండి. ఇంజెక్షన్ బండ్లు చాలావాటిలో ఒరిగితే ఇంజిన్ ఆపే సెన్సర్ ఉంటుంది. సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాకపోతే తాళం ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి.

అపోహ: “చిన్నదానికి బీమా క్లెయిమ్ చేస్తే ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) పోద్ది, నష్టం.”

కారు లెక్కను బైకుకు వేస్తున్నారు. బోనస్ తగ్గేది మొత్తం ప్రీమియంలో కాదు, సొంత నష్టం (మీ బండి దెబ్బతింటే ఇచ్చే బీమా) భాగంలో మాత్రమే. ఆ భాగం ఏడాదికి 1,000 రూపాయలు, బోనస్ పూర్తి 50 శాతం అనుకుందాం. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడి, 20, 25, 35, 45 మీదుగా మళ్లీ 50కి చేరుతుంది. ఆ ఐదేళ్లలో పోగొట్టుకునేది 500, 300, 250, 150, 50, అంటే మొత్తం 1,250 రూపాయలు. మరమ్మతు బిల్లు 6,000 అయితే క్లెయిమ్ చేయకపోవడమే నష్టం. కాకపోతే జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగుదల కోయని అదనపు బీమా) తీసుకోకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం కోస్తారు, అది తీసేసి పోల్చుకోండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండికి పైసా రాదు. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ, శాశ్వత వైకల్యానికీ మాత్రమే, మోకాలి డ్రెస్సింగ్ బిల్లు అందులో రాదు. బండిని మెకానిక్ విప్పేలోపే బీమా కంపెనీకి ఫోన్ చేయాలి. సర్వేయర్ చూడకముందు మార్చిన భాగానికి క్లెయిమ్ నిలబడటం కష్టం.