ఉన్న కొద్ది నిధులు ముందు ఏ నేలకు?

పాడైన అడవినో, చిత్తడి నేలనో, గడ్డి మైదానాన్నో మళ్లీ నిలబెట్టే పని కొత్తదేమీ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1930లలోనే పాత పొలాల్లో ప్రెయిరీ గడ్డిని తిరిగి పెంచింది. ఆ చోటే ఎందుకంటే భూమి చేతిలో ఉంది, మాంద్యం రోజుల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కూలీలను సమకూర్చింది. ఆ తర్వాత కూడా చాలాకాలం పునరుద్ధరణ ఇలా వీలును బట్టే నడిచింది.

‘ముందు ఎక్కడ?’ అని గట్టిగా అడిగింది ఉన్నదాన్ని కాపాడే పనిలో ఉన్నవాళ్లు. 1988లో పర్యావరణవేత్త నార్మన్ మైయర్స్ హాట్‌స్పాట్ల ఆలోచన ముందుకు తెచ్చారు: మరెక్కడా లేని జాతులు ఎక్కువగా ఉండి, సహజ ఆవాసం చాలావరకు పోయిన ప్రాంతాలవి. 2000లో ఆయన బృందం అలాంటివి 25 గుర్తించింది. వాటిలో మిగిలిన సహజ ఆవాసం ప్రపంచంలోని మొత్తం నేలలో 1.4 శాతమే. కానీ నాళికా మొక్కల (నీటిని మోసే నాళాలున్న మొక్కల) జాతుల్లో 44 శాతం అక్కడే, మరెక్కడా లేకుండా బతుకుతున్నాయి. దాతలకు ఇంతకన్నా సులువుగా అర్థమయ్యే లెక్క ఏముంటుంది? అదే ఏడాది పరిరక్షణ శాస్త్రవేత్తలు మార్గ్యులిస్, ప్రెస్సీ ఇంకో కోణం చూపారు: రెండుచోట్లా అవే జాతులుంటే రెండోచోట పెట్టిన సొమ్ముకు ఫలితం తక్కువ. ఎంత ఉందని కాదు, కొత్తగా ఏం కలుస్తుందని చూడాలి.

పునరుద్ధరణకు ఇదీ చాలదు. పోయినది తిరిగి వస్తుందా, ఎంత ఖర్చుకు, మనం ముట్టుకోకపోయినా దానంతటదే వస్తుందా అన్నవీ తేలాలి. వీటికి జవాబులు పాత పనుల అనుభవం నుంచే రావాలి. ఆ అనుభవాన్ని ఎవరూ సరిగా రాసిపెట్టలేదు. అమెరికాలో 37 వేలకు పైగా నదీ పునరుద్ధరణ పనుల రికార్డులను 2005లో పరిశీలిస్తే, తర్వాత ఏమైందో గమనించిన జాడ పదింట ఒకదానిలోనే కనిపించింది.

ఈలోగా లక్ష్యాలు హెక్టార్లలోకి మారాయి. అడవుల పునరుద్ధరణకు దేశాలు హామీలిచ్చే 2011 నాటి బాన్ ఛాలెంజ్ 2020కల్లా 15 కోట్ల హెక్టార్లంది. విస్తీర్ణమే కొలమానమైతే తేలిగ్గా నాటగలిగే చోటే గెలుస్తుంది. దేశాలు ప్రకటించిన హామీల్లో 45 శాతం వాణిజ్య తోటలేనని 2019లో ఒక విశ్లేషణ తేల్చింది.

2020లో శాస్త్రవేత్త బెర్నార్డో స్ట్రాస్‌బర్గ్ బృందం జీవజాతులు, కార్బన్, ఖర్చు మూడింటినీ ఒకే పటం మీదికి తెచ్చింది. సాగుకు, మేతకు మార్చేసిన సహజ భూముల్లో 15 శాతాన్ని సరైన చోట్ల బాగుచేస్తే, జరగబోయే జాతుల నాశనంలో 60 శాతాన్ని ఆపవచ్చంది. ప్రతి దేశం తన సరిహద్దులోపలే ఆ 15 శాతం చేస్తే లాభం బాగా తగ్గి, ఖర్చు పెరుగుతుందనీ చూపింది. ప్రాధాన్య భూములు ఎక్కువగా ఉష్ణమండలంలో ఉన్నాయి, డబ్బు చాలావరకు మరోచోట ఉంది. అయినా, పాడైన ఆవరణ వ్యవస్థల్లో కనీసం 30 శాతాన్ని 2030కల్లా పునరుద్ధరణ కిందికి తేవాలన్న 2022 కున్‌మింగ్–మాంట్రియల్ అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందం, అవి ఏ 30 శాతమో తేల్చుకునే పనిని దేశాలకే వదిలేసింది.