సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్: అపోహలు - వాస్తవాలు

జనరల్ మెడిసిన్ వార్డులో పనిచేసే వైద్యుడిగా నేను తరచుగా రాసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లలో సెఫ్‌ట్రయాక్సోన్ ఒకటి. మెదడు పొరల వాపు, తీవ్రమైన న్యుమోనియా, టైఫాయిడ్, మూత్రపిండాలకు పాకిన ఇన్ఫెక్షన్ వంటి జబ్బుల్లో ప్రాణం నిలబెట్టే మందు ఇది. శరీరంలో చాలాసేపు నిలిచి ఉంటుంది కాబట్టి ఎక్కువ జబ్బుల్లో రోజుకు ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. మెదడు పొరల వాపులో మాత్రం పెద్దవారికి 12 గంటలకోసారి 2 గ్రాముల చొప్పున ఇస్తాం. ఇంత సులువుగా ఇవ్వగలగడం వల్లనే ఇది ఊళ్లలోని చిన్న క్లినిక్కుల దాకా చేరింది. దాని వెంట కొన్ని అపోహలూ చేరాయి.

అపోహ: ఏ జ్వరమైనా ఈ సూది రెండు రోజులు వేస్తే దిగిపోతుంది.

వాస్తవం: ఈ మందు బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టుకోనివ్వదు. వైరస్‌కు అసలు ఆ గోడే ఉండదు. వైరల్ జ్వరం సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. మూడో రోజున సూది వేయించుకుని ఐదో రోజున జ్వరం జారితే ఆ పేరు సూదికి దక్కుతుంది. ఈ మందు నిజంగా పనిచేసే టైఫాయిడ్‌లోనేమో, సరైన డోసు పడుతున్నా జ్వరం పూర్తిగా తగ్గడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది; ఆలోగానే మందు మార్చమని బంధువులు ఒత్తిడి చేస్తారు. డెంగీలో ఈ అపోహ మరీ ప్రమాదకరం. జ్వరం తగ్గే రోజుల్లోనే రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారి బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి, సూదితో నయమైందనుకుని ఇంట్లో ఉండిపోయినవారు సరిగ్గా ఆసుపత్రిలో కనిపెట్టి ఉండవలసిన ఆ ఒకటి రెండు రోజులను పోగొట్టుకుంటారు.

అపోహ: టెస్ట్ డోస్‌లో దద్దురు రాలేదు కాబట్టి ఇక భయం లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఈ నమ్మకమే. ముంజేతి చర్మంలోకి చుక్క మందు ఎక్కించి చూసే ఈ పరీక్షలో ఏమీ కనబడకపోయినా, పూర్తి డోసు పడిన నిమిషాల్లో తీవ్రమైన అలర్జీ రావచ్చు. మరోవైపు, సూది గుచ్చిన చోట ఎర్రబడిందన్న ఒక్క కారణంతో అవసరమైన మందు అందకుండా పోయిన రోగులూ ఉన్నారు. యాంటీబయాటిక్ ఇచ్చే ముందు అందరికీ చర్మ పరీక్ష చేసే పద్ధతిని జపాన్ 2004లోనే విడిచిపెట్టింది. రోగిని కాపాడేవి వేరే ఉన్నాయి: గతంలో ఏ మందు పడలేదో, అప్పుడు సరిగ్గా ఏమైందో అడిగి రాసుకోవడం, మందు ఇచ్చాక కనీసం అరగంట దగ్గర కూర్చోబెట్టడం, తీవ్రమైన అలర్జీలో ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజెక్షన్‌ను చేతికందే చోట ఉంచుకోవడం. ఊపిరి ఆడకపోయినా, బీపీ పడిపోయినా పెద్దవారికి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్‌ను తొడ బయటి వైపు కండలోకి వెంటనే ఇవ్వాలి. చాలాచోట్ల ముందుగా ఏవిల్ (అలర్జీ మందు), డెక్సామెథసోన్ (స్టెరాయిడ్) అందుకుంటారు. అడ్రినలిన్ చేసే పనిని అవి చేయలేవు, వాటి కోసం గడిపిన నిమిషాలు తిరిగి రావు. అడ్రినలిన్ లేని చోట ఈ సూది వేయించుకోవద్దని మా ఇంట్లోవారికి కూడా చెబుతాను.

అపోహ: పెన్సిలిన్ పడనివారికి ఇది అసలు వేయకూడదు.

వాస్తవం: రెండు మందుల రసాయన నిర్మాణంలోని పక్క గొలుసులు (సైడ్ చెయిన్లు) వేరు కావడం వల్ల ఒకటి పడనివారికి రెండోదీ పడకపోవడం అరుదు. అయితే పెన్సిలిన్‌తో ప్రాణం మీదికి వచ్చినవారి విషయంలో నిర్ణయం ఆసుపత్రిలో వైద్యుడే తీసుకోవాలి.

అపోహ: ఏ సెలైన్‌లో కలిపినా ఒకటే.

వాస్తవం: ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌లో కాల్షియం ఉంటుంది, కాల్షియంతో కలిస్తే ఈ మందు సన్నని రేణువులుగా గడ్డకడుతుంది. నవజాత శిశువుల ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో అలాంటి రేణువులు చేరి మరణాలు సంభవించాయి. అందుకే 28 రోజుల లోపు శిశువుకు కాల్షియం ఉన్న ద్రవాలు ఎక్కిస్తుంటే లేదా ఎక్కించవలసి ఉంటే ఈ మందు ఇవ్వకూడదు. కామెర్లున్న నవజాత శిశువుకూ ఇది తగదు. పెద్దవారికైనా రెండూ ఒకే సమయంలో ఒకే గొట్టం ద్వారా వెళ్లకూడదు, మధ్యలో నార్మల్ సెలైన్‌తో గొట్టాన్ని కడగాలి. నొప్పి తెలియకుండా లిగ్నోకైన్ అనే మత్తుమందుతో కలిపిన మందును కండలోకే ఇవ్వాలి, పొరపాటున కూడా నరంలోకి ఎక్కించకూడదు.

అపోహ: సూదితో మొదలుపెడితే కోర్సు సూదితోనే ముగించాలి.

వాస్తవం: జ్వరం తగ్గి, బీపీ నిలకడగా ఉండి, రోగి తినగలుగుతుంటే, కల్చర్ రిపోర్టు (ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష) చూసి తగిన మాత్రలకు మార్చడం చాలా ఇన్ఫెక్షన్లలో మంచి వైద్యమే, మెదడు పొరల వాపు వంటివి ఇందుకు మినహాయింపు. ఆ కల్చర్ కోసం రక్తం మొదటి డోసుకు ముందే తీయాలి, కానీ రోగి బీపీ బాగా పడిపోయి షాక్‌లో ఉంటే దాని కోసం మందు ఆలస్యం చేయకూడదు. కోర్సు నడుస్తున్నప్పుడు గానీ, ముగిసిన కొన్ని వారాల్లోపు గానీ నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, మెడికల్ షాపులో మాత్ర కొని ఆపే ప్రయత్నం చేయకుండా, ఈ ఇంజెక్షన్ వాడిన సంగతి చెబుతూ వైద్యుడికి చూపించుకోవాలి.