ఆకులు మాత్రమే ఎండాలి

అమెరికన్ దర్శకులు కోయెన్ సోదరుల సినిమా 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' కథ 1930ల ఆర్థిక మాంద్యం నాటిది. వాళ్లకు కావాల్సింది దుమ్ము, ఎండిపోయిన పొలాలు. షూటింగ్ జరిగిందేమో వేసవిలో, మిసిసిపీలో. ఎటు చూసినా ముదురు పచ్చదనమే. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ముందు ల్యాబ్‌లో రసాయనాలతో ప్రయత్నించారు, కుదరలేదు. ఫిల్మ్‌ని ద్రావణంలో ముంచితే ఆకులతో పాటు ముఖాలూ మారిపోతాయి మరి. చివరికి సినిమానంతా స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఆకుపచ్చను మాత్రం పట్టుకుని పసుపు వైపు జరిపారు. 2000లో విడుదలైన ఆ సినిమాలో చెట్లన్నీ వాడిపోయి కనిపిస్తాయి.

ఆ పని ఇప్పుడు డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే చేసుకోవచ్చు. రంగు మార్చడం సులువే, ఏది మార్చాలో చెప్పడమే కష్టం. సాఫ్ట్‌వేర్‌కి ఆకు తెలియదు, అంకెలే తెలుసు. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒకే ఆకు ఎండలో ఉంటే ఒక లెక్క, నీడలో ఉంటే ఇంకో లెక్క. అందుకే వాటిని హ్యూ (ఏ రంగు), సాచురేషన్ (ఎంత గాఢం), లూమినెన్స్ (ఎంత వెలుగు)గా మారుస్తారు. హ్యూ ఒక వలయం: 0 డిగ్రీల దగ్గర ఎరుపు, 60 దగ్గర పసుపు, 120 దగ్గర ఆకుపచ్చ, 240 దగ్గర నీలం. ఎండలోనైనా నీడలోనైనా ఆకు హ్యూ పెద్దగా కదలదు. రంగును ఎంచే డ్రాపర్ టూల్‌తో ఆకు మీద నొక్కితే ఆ హ్యూకి దగ్గరున్న పిక్సెళ్లన్నీ ఎంపికవుతాయి.

చిక్కంతా మనుషుల ముఖాలతోనే. చామనఛాయైనా తెలుపైనా చర్మం హ్యూ ఎరుపు, పసుపుల మధ్య ఒక సన్నని పట్టీలోనే ఉంటుంది. చర్మానికి రంగునిచ్చేవి అందరిలోనూ అవే మెలనిన్, రక్తం కాబట్టి. ఛాయల్లో తేడా ఎక్కువగా వెలుగులోనే. రంగుల హ్యూ, గాఢతలను వలయం మీద చూపే వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్‌కి ఒకే గీత సరిపోవడానికి కారణమిదే. అయితే ఆ ఇరుగుపొరుగునే టేకు తలుపు, ఇటుక గోడ, బంగారు నగలు కూడా ఉంటాయి. పెళ్లి వీడియోలో వధువు ముఖం పట్టుకోబోతే కాసులపేరూ వెంట వస్తుంది. అప్పుడు ముఖం చుట్టూ ఎంపికకు హద్దుగా ఒక విండో గీసి, తల కదిలినప్పుడల్లా అదీ కదిలేలా ట్రాక్ చేయాలి. (ఇంత కష్టపడీ చాలామంది చేసేది ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లబరచడమే. మెడ మాత్రం అసలు రంగులోనే ఉండిపోతుంది.)

ఎంత జాగ్రత్తగా ఎంచినా జుట్టు దగ్గర అంచు మెట్లుమెట్లుగా చిరుగుతుంది. తిట్లు సాఫ్ట్‌వేర్‌కి పడతాయి కానీ, తప్పు చాలావరకు రికార్డింగ్‌ది. మన కన్ను వెలుగులో తేడాలను పట్టినంత పదునుగా రంగులో తేడాలను పట్టదు. దాన్ని ఆసరా చేసుకుని ఫోన్లు, చాలా కెమెరాలు 4:2:0 పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్క రంగు విలువే దాస్తాయి. అంటే 3840×2160 వీడియోలో రంగు వివరం నిజానికి 1920×1080 మాత్రమే. చూసేవాళ్లకు తేడా తెలియదు. రంగును బట్టి అంచు వెతికే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తెలిసిపోతుంది.

కెమెరాలో 4:2:2 (రెండు పిక్సెళ్లకు ఒక రంగు విలువ), 10 బిట్ (రంగుకు ఎక్కువ మెట్లు) ఆప్షన్ ఉంటే షూటింగప్పుడే పెట్టుకోవాలి. లేకపోతే ఎంపికకు ముందే నాయిస్ (చిత్రంలో మెరిసే చుక్కలు) తగ్గించి, ఎంపికైన భాగాన్ని చూపే మాస్క్‌ని నలుపు-తెలుపులో చూస్తూ దాని అంచునే కాస్త బ్లర్ చేయాలి. అప్పటికీ చిరిగితే ఎంత మారుస్తున్నామో అది తగ్గించుకోవడమే.