యూనివర్సిటీ మ్యూజియంలో ఆర్ట్ ఎగ్జిబిషన్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీ మ్యూజియంలో కాగితం మీద, బట్ట మీద ఉన్న కళాఖండాల్ని కాపాడటం నా పని. వేసవిలో తెలుగు కుటుంబాలు పిల్లలతో క్యాంపస్ చూడటానికి చాలా వస్తాయి. లైబ్రరీ చూస్తారు, హాస్టళ్లు చూస్తారు, మ్యూజియం మెట్ల మీద ఫొటో దిగి వెళ్లిపోతారు. లోపలికి రాకపోవడానికి వాళ్లు చెప్పే కారణాలు, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు ఏళ్లుగా వింటున్నాను. అందులో చాలావరకు అపోహలే.

అపోహ: అది స్టూడెంట్లకీ ప్రొఫెసర్లకీ. మనల్ని రానివ్వరు.

ఐడీ కార్డు ఎవరూ అడగరు. యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ 1832లో జాన్ ట్రంబుల్ అనే చిత్రకారుడి పెయింటింగులతో మొదలైంది. ఇవాళ అక్కడ అందరికీ ప్రవేశం ఉచితం. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మ్యూజియం కొత్త భవనం 2025 అక్టోబర్ చివర్లో తెరుచుకుంది, అదీ ఉచితమే. హార్వర్డ్‌లో ఒకప్పుడు టికెట్ ఉండేది, 2023 జూన్‌లో తీసేశారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఆష్మోలియన్ మ్యూజియం 1683లోనే జనానికి తలుపులు తెరిచింది. అక్కడ మామూలు గ్యాలరీలు ఉచితం, పెద్ద ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం టికెట్ కొనాలి.

అపోహ: లైట్లు డిమ్‌గా పెట్టేది గాంభీర్యం కోసం.

నన్ను అందరికన్నా ఎక్కువ అడిగేది దీని గురించే. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు కళ్లద్దాలు సర్దుకుంటూ "ఇంత చీకట్లో ఏం కనబడుతుందమ్మా" అంటారు. వాళ్ల ఇబ్బంది నిజమే. ఒక్క నిమిషం నిలబడితే కళ్లు అలవాటు పడతాయని చెప్పి, కారణం కూడా చెబుతాను.

వాటర్‌కలర్లు, పాత బట్టలు, రాతప్రతుల దగ్గర వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటనివ్వం. ఆయిల్ పెయింటింగులకి 200 దాకా పర్వాలేదు. వెలుతురు వల్ల రంగుకి జరిగే నష్టం కూడుతూ పోతుంది. బొమ్మని మళ్లీ చీకట్లో పెట్టినంత మాత్రాన పోయిన రంగు తిరిగి రాదు. 50 లక్స్ చొప్పున రోజుకి 8 గంటలు, 90 రోజులు ఉంచితే మొత్తం 36,000 లక్స్ గంటల వెలుతురు పడినట్టు. ఒక ప్రదర్శనకి కోటా అంతే అనుకోండి. అదే 200 లక్స్ దగ్గర పెడితే ఆ కోటా మొత్తం 23 రోజుల్లో ఖర్చయిపోతుంది. అందుకే కాగితం, బట్టల ప్రదర్శనలు మూడు నాలుగు నెలల్లో ముగుస్తాయి. ఆ తర్వాత ఆ వస్తువులు ఏళ్ల తరబడి స్టోర్‌లోనే ఉంటాయి.

దీనికి మన దగ్గరి సాక్ష్యమే ఉంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం రేవు నుంచి, కోరమాండల్ తీరంలోని ఇతర ఊళ్ల నుంచి యూరప్‌కి ఓడలెక్కిన కలంకారీ పరదాలు, దుప్పట్లు ఎక్కడైనా కనిపిస్తే వాటిలో ఆకులు చూడండి. చాలావాటిలో ఆకులు నీలంగా ఉంటాయి. అద్దకం పనివాళ్లు నీలం ఆకులు వేయలేదు. ముందు నీలిమందు ఎక్కించి, దాని మీద పసుపు రంగు పూస్తే ఆకుపచ్చ వచ్చేది. నీలిమందు వెలుతురుకి తట్టుకుంది, చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపూ తట్టుకుంది, పసుపు తట్టుకోలేక ఎగిరిపోయింది. కొన్నింటిలో అంచు మడత లోపలో, కుట్టు కిందో వెలుతురు తగలని చోట ఆ పచ్చదనం సన్నని గీతలా ఇంకా మిగిలి ఉంటుంది. భూతద్దంలో ఆ గీత చూశాక 50 లక్స్ గురించి నాతో ఎవరూ వాదించలేదు. వర్జీనియా, మేరీల్యాండ్‌లో ఉండే మనవాళ్లకి ఒక మాట: వాషింగ్టన్ డీసీలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ మ్యూజియం, టెక్స్‌టైల్ మ్యూజియం 2015 నుంచి ఒకే చోట ఉన్నాయి. 2022లో అక్కడ భారతీయ వస్త్రాల మీద పెద్ద ప్రదర్శనే జరిగింది. వాళ్ల రాబోయే ప్రదర్శనల జాబితా మీద ఓ కన్నేసి ఉంచండి.

వెలుతురు విషయంలో ఎంత పేరున్న సంస్థ అయినా దెబ్బ తినొచ్చు. మార్క్ రోత్కో అనే అమెరికన్ చిత్రకారుడు 1960ల తొలినాళ్లలో హార్వర్డ్ కోసం భారీ మ్యూరల్స్ (గోడలకి పెట్టే పెద్ద పెయింటింగులు) వేశాడు. ఐదింటిని 1964లో ఒక భవనం పై అంతస్తులోని డైనింగ్ హాల్లో పెట్టారు. పెద్ద పెద్ద కిటికీలు, బోలెడంత ఎండ. ఆయన వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు ఎండకి నిలిచే రంగు కాదు. ముదురు ఎరుపు పాలిపోయి నీలం వైపు తిరిగింది. 1979 నాటికి అన్నింటినీ దింపేసి స్టోర్‌లో పెట్టేశారు. వాటి మీద వార్నిష్ లేదు కాబట్టి పైన రంగు వేసి సరిచేస్తే, ఆ రంగుని మళ్లీ తీయడం కుదరదు. 2014 నవంబర్‌లో హార్వర్డ్ మ్యూజియంలు కొత్త భవనంలో తెరుచుకున్నప్పుడు వాళ్లు చేసిన పని మా రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ మ్యూరల్స్ పాత ఫొటోల్లో పాలిపోయిన రంగుల్ని ముందు సరిచేశారు. గోడకి ఎక్కకుండా మిగిలిపోయిన ఆరో మ్యూరల్‌తో పోల్చారు. ఎక్కడ ఎంత రంగు పోయిందో లెక్కగట్టి, సరిగ్గా అంత రంగుని ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద పడేలా చేశారు. పెయింటింగ్‌ని ముట్టుకోలేదు. రోజూ సాయంత్రం 4 గంటలకి ప్రొజెక్టర్లు ఆపేసేవారు. రంగు పోయిన అసలు కాన్వాస్‌ని దాచకుండా అందరి ముందూ ఉంచేవారు. యూనివర్సిటీ మ్యూజియం అంటే నాకు గౌరవం ఇలాంటి వాటివల్లే.

అపోహ: ఫ్లాష్ వల్ల బొమ్మలు పాడవుతాయి కాబట్టి వద్దంటారు.

గ్యాలరీలో రోజంతా వెలిగే లైట్లతో పోలిస్తే ఈ కాలపు ఫ్లాష్ వల్ల జరిగే నష్టం చాలా తక్కువ. పక్కవాళ్ల చూపు చెదురుతుందనీ, కాపీరైట్ గొడవలనీ వద్దంటారు.

అపోహ: దేన్ని పట్టుకున్నా తెల్ల గ్లౌజులు వేసుకోవాలి.

సినిమాల ప్రభావం. కాగితాన్ని మేం శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతుల్తోనే పట్టుకుంటాం. నూలు గ్లౌజుతో పట్టు తెలియక అంచు చిరిగే ప్రమాదం ఉంది. లోహాలకీ, ఫొటోలకీ మాత్రం నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు వాడతాం.

అపోహ: కొత్త ప్రదర్శన అంటే స్టోర్‌లోంచి నాలుగు తీసి తగిలించడం. జనం వస్తుంటే ఇంకో నెల పొడిగించొచ్చు కదా!

పెద్ద ప్రదర్శనకి రెండు మూడేళ్ల ముందునుంచే పని నడుస్తుంది. ఆష్మోలియన్ 2017లో ఇటలీ చిత్రకారుడు రఫేల్ డ్రాయింగులు 120 చూపించింది. అందులో దాదాపు 50 సొంతవి, 25 వియన్నాలోని ఆల్బెర్టీనా మ్యూజియం నుంచి, తక్కినవి ఇతర చోట్ల నుంచి వచ్చాయి. అరువిచ్చే ప్రతి సంస్థతోనూ విడివిడిగా ఒప్పందం, ఇన్సూరెన్సు ఉంటాయి. పెట్టె రాగానే విప్పం. లోపలి వస్తువు మా గాలికీ తేమకీ అలవాటు పడేదాకా మామూలుగా 24 గంటలు అలాగే ఉంచుతాం. విప్పాక టార్చ్‌లైటు పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఉబ్బు, చీలిక, మరక ఒక్కొక్కటీ రాసుకుంటాం. తిరిగి వెళ్లేటప్పుడు అదే కాగితం పక్కన పెట్టుకుని మళ్లీ అన్నీ సరిచూస్తాం. ఈ పనంతా చివరి తేదీకి కట్టుబడి ఉంటుంది. ఆ వస్తువు కోసం ఇంకో మ్యూజియం ఎదురుచూస్తుండొచ్చు, లేదా దాని వెలుతురు కోటా అయిపోయి ఉండొచ్చు. కాబట్టి జాబితా చూసేటప్పుడు మొదలయ్యే తేదీ కన్నా ముగిసే తేదీ ముందు చూసుకోండి.

అపోహ: యూనివర్సిటీ దగ్గర ఉందంటే సక్రమంగా వచ్చినట్టే.

ఈ మాట నేను ఒప్పుకోను. తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం ఒకటి ఆష్మోలియన్ 1967లో వేలంలో కొన్నది. అహోబిల నరసింహుణ్ణి పాశురాల్లో పాడిన ఆళ్వార్ ఈయనే. ఆ విగ్రహం 1957లో తమిళనాడులోని ఒక గుడిలో ఉన్నట్టు పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ ఫొటోల్లో కనబడిందని 2019లో ఒక పరిశోధకుడు చెప్పాడు. మ్యూజియం ఆ సంగతి దాచిపెట్టకుండా తానే భారత హైకమిషన్‌కి తెలియజేసింది. 2024లో తిరిగి ఇవ్వడానికి యూనివర్సిటీ కౌన్సిల్ ఒప్పుకుంది. లేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరం అని ఉంటుంది. మన దేశపు వస్తువు ముందు నిలబడితే ఆ లైను తప్పకుండా చదవండి. అనుమానం వస్తే ఈమెయిల్ రాసి అడగండి, జవాబు ఇవ్వడం మా బాధ్యత.

అపోహ: గోడ మీద లేనిది చూడలేం.

దీన్ని పోగొట్టడానికే నేను ఈ పోస్టు మొదలుపెట్టాను. హార్వర్డ్ మ్యూజియంల్లో దాదాపు రెండున్నర లక్షల వస్తువులున్నాయి. గోడల మీద ఎప్పుడు చూసినా అందులో చిన్న భాగమే ఉంటుంది. తక్కినవి చూడటానికి అక్కడ స్టడీ సెంటర్ ఉంది, ఆష్మోలియన్‌లో ప్రింట్ రూమ్ (కాగితం మీది బొమ్మలు చూపించే గది) ఉంది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే చాలు, మీరు డాక్టరేట్ చేస్తున్నారా అని ఎవరూ అడగరు. ఆన్‌లైన్ కేటలాగ్‌లో దక్కన్ అనో, గోల్కొండ అనో, కోరమాండల్ అనో వెతకండి. నచ్చినవి నాలుగైదు ఎంచుకుని వాటి నంబర్లు రాసి పంపండి. కొన్ని వారాల వ్యవధి పెట్టుకుంటే మంచిది. మరీ బలహీనంగా ఉన్నవాటికి కుదరదని చెప్పవచ్చు, అప్పుడు బదులుగా ఏం చూడొచ్చో అడగండి. వెళ్లేటప్పుడు పెన్ను కాకుండా పెన్సిల్ తీసుకెళ్లండి, లోపల సిరా వాడనివ్వరు.