సర్కారు బడిలో కంప్యూటరు, ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

జడ్పీ హైస్కూళ్లలో, కేజీబీవీల్లో, బస్తీ ట్యూషన్ సెంటర్లలో కంప్యూటరు, ఆరోగ్యం నేర్పుదామని వచ్చే వాలంటీర్ల దగ్గర కొన్ని మాటలు తరచూ వినిపిస్తాయి. స్టాఫ్ రూముల్లోనూ అవే మాటలు. పాఠం విన్న పిల్ల దాన్ని తన చేత్తో చేసి చూపించగలగాలన్నది మా కొలత. ఆ కొలతకు వీటిలో చాలావరకు నిలబడవు.

అపోహ: ల్యాబులో ఉన్నవన్నీ పాత డబ్బాలు, కొత్తవి వస్తే తప్ప క్లాసు జరగదు

మూలన పడేసిన డెస్క్‌టాప్‌లలో చాలావాటికి జబ్బు చిన్నదే. మొదట తేదీ చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ తప్పయితే బ్రౌజరు సైట్ల భద్రతా సర్టిఫికెట్లను ఒప్పుకోదు. ఏ పేజీ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిస్తుంది. స్కూల్లో వాళ్లేమో నెట్ పోయిందనుకుని ల్యాబుకు తాళం వేస్తారు. వాచీల కొట్లో దొరికే బ్యాటరీ ఒక్కటి మారిస్తే తీరిపోయే గొడవ అది.

బీప్‌లు కొడుతూ తెర నల్లగానే ఉంటే ప్లగ్ పీకేసి ర్యామ్ బయటికి తీయండి. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. లోపల చెయ్యి పెట్టే ముందు సీపీయూ ఇనుప పెట్టెను ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ వదులుతుంది. అన్నీ బాగానే ఉండి నత్తనడక నడుస్తుంటే హార్డ్ డిస్క్ తీసేసి దాని బదులు వేగంగా పనిచేసే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు వాడుకోగల ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌లోని తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం హాయిగా నడుస్తుంది. 2 జీబీ అయితే రాయడం, గీయడం వరకు పర్వాలేదు గానీ బ్రౌజరు దగ్గర అవస్థ తప్పదు.

ఎవరూ పట్టించుకోనిది యూపీఎస్. అందులోని 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువగా చచ్చిపోయేది ఎండాకాలం సెలవుల్లోనే. వారాల తరబడి ఛార్జింగ్ లేకపోతే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ ఛార్జి పట్టదు. సెలవుల్లో నెలకోసారి ఎవరో ఒకరు వెళ్లి ఒక పూటంతా ప్లగ్‌లో పెట్టి ఉంచాలి. కొత్త కంప్యూటర్లకు దాతను వెతికే ముందు ఆ ఒక్కరు ఎవరో తేల్చుకోవడం మంచిది.

అపోహ: నెట్ లేని ఊళ్లో కంప్యూటర్ నేర్పడం దండగ

రాతకు, లెక్కల షీట్లకు లిబ్రె ఆఫీస్, బొమ్మలకు టక్స్ పెయింట్, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్ - వీటిలో దేనికీ నెట్ అక్కర్లేదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియానంతా ఒక ఫైలుగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టుకోవచ్చు. పెద్ద ఫైలును కాపీ చేసే ముందు పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి. ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. చాలామంది పెన్‌డ్రైవే పాడైందనుకునేది ఇక్కడే. నిజం చెప్పాలంటే మొదటి కొన్ని వారాలు నెట్ లేకపోవడమే మేలు. యూట్యూబ్ ఉంటే పిల్లల చూపు ఇంకెక్కడా ఆగదు.

అపోహ: ఫోన్ నడిపే పిల్లలకు కంప్యూటర్ వచ్చేసినట్టే

ఫోన్‌లో ఫైలు ఎక్కడుందో తెలియకుండానే రోజులు గడిచిపోతాయి. అందుకే వేళ్లు చకచకా కదిలే పిల్లాడు కూడా తాను రాసిన వ్యాసం ఎక్కడ సేవ్ అయిందో చెప్పలేడు. ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఐదు వాక్యాలు టైప్ చేయాలి, తన పేరుతో ఫోల్డర్ చేసి అందులో దాచాలి, ఫైలు పేరు మార్చాలి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి, పక్క కంప్యూటర్‌లో తెరవాలి. ఎక్కువమంది ఆగిపోయేది దాచే మెట్టు దగ్గరే. పేరు మార్చేటప్పుడు చివరన చుక్క తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్‌ను (.odt లాంటిది) కూడా చెరిపేసి ఫైలు తెరుచుకోవడం లేదని వచ్చేవాళ్లు తర్వాత వరస.

తెలుగు టైపింగ్ ఇంకో కథ. ఊళ్లో డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన ప్రశ్నపత్రం ఫైలును స్కూలు కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ కావు మరి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలో లేవు. పిల్లలకు మొదటి నుంచీ యూనికోడే నేర్పాలి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సిద్ధంగా ఉంటుంది, ఆన్ చేసుకోవడమే తరువాయి. ‘అమ్మ’ రాయాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, వదిలేసి సి, డి, సి. మధ్యలో వచ్చిన ఆ డి పొల్లు. మకారం, పొల్లు, మళ్లీ మకారం కలిస్తే మకారానికి మకార వత్తు. ఒత్తులు ఎలా పుడతాయో వేళ్లతో తెలుసుకున్న పిల్లలు నోటుబుక్కులో కూడా వత్తులు తప్పడం తగ్గిస్తారు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే పద్ధతి తేలికే, కానీ ఇంగ్లిష్ స్పెల్లింగు ఇంకా సరిగా రాని ఆరో తరగతి పిల్లకు అది రెండింతల బరువు.

అపోహ: మెషిన్ ముందు వదిలేస్తే పిల్లలే నేర్చేసుకుంటారు

1999లో ఢిల్లీ కల్కాజీలో విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ ఉంచిన ప్రయోగాన్ని ఇందుకు సాక్ష్యంగా చూపిస్తుంటారు. బస్తీ పిల్లలు తమంతట తామే మౌస్ కదిపి బ్రౌజింగ్ నేర్చుకున్న మాట నిజమే. కానీ ల్యాబులో ముగ్గురికొకటి ఇచ్చి వదిలేయండి, జోరున్నవాడి చేతిలోనే మౌస్ ఉంటుంది. ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తారు. ఏడాది చివర్లో అడిగితే ముగ్గురూ ‘కంప్యూటర్ వచ్చు’ అంటారు.

ఒకరికి మౌస్, ఒకరికి కీబోర్డు, మూడోవారికి నోరు. నోరున్నవారు చేతులు వెనక్కి కట్టుకుని ఏం చేయాలో చెప్పాలి, ముట్టుకోకూడదు. ఎనిమిది నిమిషాలకు గంట, కుర్చీలు మారడం. ఆడపిల్లల జట్లు వేరుగా పెడితే ఇంకా నయం. టీచర్ మౌస్ లాక్కుని చేసి చూపించడం కూడా మానుకోవాలి. అది కష్టమని మాకూ తెలుసు.

అపోహ: డబ్బులే లేని పిల్లలకు ఆన్‌లైన్ మోసాల పాఠం దేనికి

డబ్బు లేకపోయినా అమ్మ ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. చదువురాని ఇంట్లో మెసేజ్ చదివేది, ఓటీపీ పైకి చెప్పేది ఏడో తరగతి పిల్లే. వాళ్లకు నోటికి రావలసింది ఒకటే: డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. యూపీఐ పిన్ అడిగేది డబ్బు పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ. ‘మీకు డబ్బు వేస్తున్నాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే మోసమే. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు చేతులు మారకముందే అది వెళ్లిన ఖాతాను ఆపించే వీలుంటుంది, మర్నాటికి వాయిదా వేస్తే కష్టం.

అపోహ: చేతులు కడుక్కోవడం అందరికీ తెలిసిందే

తెలుసు, కానీ కడుక్కునే వీలు ఉండదు. లెక్క వేసి చూడండి. 200 మంది పిల్లలు, నాలుగు కుళాయిలు, సబ్బు రాసుకుని కడగడానికి ఒక్కొక్కరికి అర నిమిషం. చివరి పిల్లాడి వంతు వచ్చేసరికి 25 నిమిషాలు. అన్నం గిన్నెలు తెరిచాక అంతసేపు ఎవడూ నిలబడడు, చెయ్యి తడిపి పరిగెడతాడు. గోడల మీద పోస్టర్లు ఎన్ని అతికించినా ఈ లెక్క మారదు.

20 అడుగుల పీవీసీ పైపు ఒకటి తీసుకుని రెండడుగులకో రంధ్రం చొప్పున పది పెట్టండి. రంధ్రం 3, 4 మిల్లీమీటర్లు దాటితే చివరి పిల్లల దాకా నీళ్లు రావు. ఒక కొస మూసేసి, రెండో కొసకు వాల్వు పెట్టి ట్యాంకుకు కలపాలి. పదిమంది ఒకేసారి కడుక్కుంటే అందరికీ కలిపి పది నిమిషాలు. పారే నీళ్లు అరటి మొక్కలకు మళ్లించకపోతే వారంలో అక్కడ బురద, నెలలో దోమలు.

సబ్బు బిళ్లలు మాయమవుతున్నాయని హెచ్‌ఎంలు పెట్టడం మానేస్తారు. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల డిటర్జెంట్ పొడి కలిపి, మూతకు వేడి మేకుతో రంధ్రం పెట్టిన ప్లాస్టిక్ సీసాలో పోయండి. పైపు పొడుగునా తాడుతో మూడు సీసాలు వేలాడదీస్తే సరిపోతుంది. నురగ నీళ్లను ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. ఇక నేర్పవలసింది మిగిలిపోయే చోట్లు: బొటనవేలు చుట్టూ, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో. చేతులకు కొబ్బరినూనె, పసుపు రాయించి మామూలుగా కడగమంటే ఎక్కడ వదిలేశారో వాళ్లకే కనిపిస్తుంది.

అపోహ: ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర వేస్తే పిల్లలు జబ్బు పడతారు

నులిపురుగుల నివారణ రోజులు సాధారణంగా ఫిబ్రవరి 10, ఆగస్టు 10. బడి పిల్లలకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఒకటే మాత్ర, నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంగానో నలతగానో ఉన్న పిల్లలకు వేయకూడదు. వాళ్లకోసం తర్వాత మరో రోజు ఉంటుంది. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్నవాళ్లకు కాస్త నొప్పి, వికారం రావచ్చు. నీడలో పడుకోబెట్టి మంచినీళ్లు ఇస్తే తగ్గుతుంది. తగ్గకపోతే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. కొంకిపురుగు వట్టికాళ్ల గుండా ఒంట్లోకి వెళ్లి రక్తం తాగుతుంది కాబట్టి చెప్పుల్లేని పిల్లకు రక్తహీనత వదలదు.

10 నుంచి 19 ఏళ్లవాళ్లకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గొడవంతా ఖాళీ కడుపుతో వేయడం వల్లే వస్తుంది. మధ్యాహ్న భోజనం అయ్యాకే వేయాలి, టీచర్ కూడా పిల్లల ముందు ఒకటి మింగాలి. గంట దాకా టీ వద్దు, అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే మర్నాడు అమ్మలు గేటు దగ్గరుంటారు.

అపోహ: కొట్లో దొరికే జ్యూస్ డబ్బా కూడా ఓఆర్‌ఎస్సే

కాదు. ఓఆర్‌ఎస్ అంటే విరేచనాలప్పుడు ఒంట్లో తగ్గిన నీళ్లు, లవణాలు తిరిగి రావడానికి తాగించే ద్రావణం. తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడటాన్ని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆపించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనికోసం ఏళ్ల తరబడి పోరాడారు. అసలు పొడి ప్యాకెట్‌లో కూడా తప్పు జరిగేది నీళ్ల దగ్గర. 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లకు. దాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. క్లాసులో రెండూ చేతికిచ్చి, ఏది ఎన్ని నీళ్లకో ప్యాకెట్ మీద చదివించండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అన్నం చెంచా కాదు.

అపోహ: ఫిట్స్ వస్తే తాళాలు, కాలితే టూత్‌పేస్ట్

రెండూ వద్దు. ఫిట్స్‌లో నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108. కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు.

అపోహ: కంప్యూటర్ ఒక పీరియడ్, ఆరోగ్యం ఇంకో పీరియడ్

రెంటినీ కలిపితేనే పిల్లలు కదులుతారు. కంటిచూపు పరీక్ష కోసం లిబ్రె ఆఫీస్‌లోని బొమ్మలు గీసే డ్రాలో ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం గీయించండి. ఎత్తు, వెడల్పు 17.5 మిల్లీమీటర్లు, ప్రతి గీత మందం, గీతల మధ్య ఖాళీ 3.5 మిల్లీమీటర్లు. ఇది 6 మీటర్ల నుంచి చూసే 6/12 సైజు, అంటే మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదవగలిగేది. ప్రింట్ తీసేటప్పుడు ‘పేజీకి సరిపోయేలా’ అన్నది తీసేయాలి, లేకపోతే అక్షరం పెద్దదో చిన్నదో అయిపోతుంది. కాగితం మీద స్కేలుతో కొలిచి చూడటం కూడా పాఠంలో భాగమే. టేపుతో 6 మీటర్లు కొలిచి, వెలుగు కాగితం మీద పడేలా పిల్ల కళ్ల ఎత్తులో పట్టుకోవాలి. ఒక కన్ను అరచేత్తో మూయించాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, గట్టిగా నొక్కితే తర్వాత ఆ కన్ను మసకబారుతుంది. అక్షరాన్ని ఐదుసార్లు తిప్పి కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపమనాలి. నాలుగైనా సరిగా చెప్పకపోతే ఆ కంటిని డాక్టరు చూడాలి.

ఫలితాలు పిల్లలే షీటులో ఎక్కిస్తారు, పేరు బదులు ఒక నంబరుతో. ఏ నంబరు ఎవరిదో క్లాస్ టీచర్ దగ్గర మాత్రమే ఉండాలి. బరువు, ఎత్తు కూడా అక్కడే. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ లెక్కకు బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి, ఎత్తు మీటర్లలో. 34 కిలోలు, 1.42 మీటర్లకు 16.9 రావాలి. 0.0017 వచ్చిందంటే ఎవరో 142 అని కొట్టారు. 18.5 కన్నా తగ్గితే బరువు తక్కువన్న పెద్దవాళ్ల గీత పిల్లలకు చెల్లదు, 5 నుంచి 19 ఏళ్లకు వయసును బట్టి డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలు వేరే ఉన్నాయి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం స్కూలుకు వచ్చేలోగా ఈ షీటు సిద్ధం చేసి, డాక్టరు చూడాల్సిన నంబర్లకు రంగు వేయించి, ఒక ప్రింట్ హెచ్‌ఎం బీరువాలో పెట్టించండి.